తెర ఎత్తేదెవరు?

తెలుగులో తెర అంటే అడ్డం కట్టేది. సినిమా తెర అంటే చూపించేది. ఉర్దూలోనూ ఇంతే. పర్దా అంటే వాకిలికి వేలాడే గుడ్డ, ఆడవాళ్ళ ముఖానికి అడ్డం పడే గుడ్డ. సినిమా హాల్లో బొమ్మ పడే తెల్లగుడ్డని కూడా మేము పర్దా అనే అంటాం. దాచేదానికీ చూపించేదానికీ ఒకే మాట. మాటల పుట్టుక సంగతి పండితులు చూసుకుంటారు. ఈ రెండు గుడ్డల మధ్య ఇరుక్కున్న మనిషి ఒకామె ఉంది. ఆమె ముస్లిం స్త్రీ. ఆమె గురించి మాట్లాడాల్సింది మాత్రం మేమే.

సినిమాల్లో స్త్రీని వస్తువుగా చూపిస్తున్నారన్న మాట కొత్తది కాదు. మన స్త్రీవాదులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. మహిళా సంఘాల వాళ్ళు బజార్లలో వాల్‌పోస్టర్ల మీద తారు పూశారు. 1986లో స్త్రీల అసభ్య ప్రదర్శనని నిషేధిస్తూ కేంద్రం చట్టం కూడా చేసింది. అయినా బయట జనంలో ఈ చర్చ ఎప్పుడూ బట్ట చుట్టూనే తిరిగింది. ఎంత బట్ట ఉంది, ఎంత ఒళ్ళు కనిపించింది, ఎన్ని అడుగుల ఫిల్ము కత్తిరించారు? సెన్సార్ వాళ్ళదీ అదే కొలత. సంస్కృతి పాడైపోతోందని గోలపెట్టే వాళ్ళదీ అదే కొలత. మా మహల్లాల్లో జుమ్మా రోజు ఉపన్యాసాలిచ్చే పెద్దలదీ అదే కొలత. వీళ్ళంతా ఒకరినొకరు పడనివాళ్ళు. టేపు మాత్రం అందరి చేతిలోనూ ఒకటే.

మేము ఇంకో ప్రశ్న వేస్తున్నాం. తల నుంచి కాలిదాకా బట్ట కట్టుకున్న మనిషిని వస్తువుని చేయొచ్చా? చేయొచ్చు. యాభై అరవై ఏళ్ళుగా మా ఆడవాళ్ళ బొమ్మ తెర మీద ఎట్లా పడుతూ వస్తోందో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

హిందీలో ముస్లిం సోషల్ అని పిలిచే ఒక రకం సినిమాలు ఉండేవి. 1960లో వచ్చిన 'చౌద్వీ కా చాంద్' లో లక్నో నవాబు ఒకడు బజార్లో ఒక ముఖాన్ని రెప్పపాటు చూస్తాడు. ఆ ముఖం ఎవరిదన్నదే మిగతా కథంతా. ముసుగులు తారుమారవుతాయి, స్నేహాలు చిక్కుల్లో పడతాయి, చివరికి నవాబు ప్రాణం తీసుకుంటాడు. 1963లో వచ్చిన 'మేరే మెహబూబ్' లో అలీగఢ్ యూనివర్సిటీ కుర్రాడికి బురఖాలో ఉన్న అమ్మాయి కళ్ళు కనిపిస్తాయి. ఆ కళ్ళ కోసం దేవులాడటమే అతని పని. 1972లో వచ్చిన 'పాకీజా' లో రైలు పెట్టెలో నిద్రపోతున్న స్త్రీ పాదాలని ఒకతను చూస్తాడు. ఆ పాదాలని పొగుడుతూ చీటీ రాసిపెట్టి దిగిపోతాడు.

ముఖం, కళ్ళు, పాదాలు. సెన్సార్ కత్తెరకి ఇందులో దొరికేది ఏమీ లేదు. ఇవన్నీ మర్యాదస్తుల సినిమాలని పేరు. ఇంటిల్లిపాదీ కూచుని చూశారు. పాటలు ఇప్పటికీ మా ఇళ్ళలో మోగుతూనే ఉంటాయి. అయినా ఒక్క సంగతి గమనించండి. చూసేవాడికి పేరుంది, ఊరుంది, కోరికుంది, బాధుంది. చూపుకి దొరికిన ఆమెకి, ఆ క్షణంలో, ఒక అవయవం తప్ప ఏమీ లేదు. తనని చూస్తున్నారని ఆమెకి తెలియదు. నిద్రపోతున్న మనిషి ఔనని అనదు, కాదని అనదు. ఆ తెలియకపోవడంలోంచే అందం పిండుతున్నారు. ఒంటరిగా, ఎవరూ చూడటం లేదనే నమ్మకంతో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడటాన్ని, ఫోటో తీయడాన్ని 2013లో మన దేశం శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరంగా చేర్చింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ అది ఉంది. రైలు పెట్టెలో పాదాలు చూడటం ఆ చట్టం కిందికి వస్తుందని మేము అనటం లేదు. ఆ నేరం వెనకున్న సుఖం, ఈ కవిత్వం వెనకున్న సుఖం ఒక తల్లి బిడ్డలే అంటున్నాం.

ఆ కెమెరా వెనక పరాయివాళ్ళే ఉన్నారని కూడా అనలేం. 'చౌద్వీ కా చాంద్' తీసింది ఎం. సాదిక్. 'పాకీజా' తీసింది కమాల్ అమ్రోహీ. మా మగవాళ్ళే తమ జనానాకి సందు చేసి కన్ను పెట్టారు. అమ్రోహీకి ఒక న్యాయం మాత్రం చేయాలి. ఆ పాదాలు నేల మీద పెట్టొద్దని చీటీ రాసిన ప్రియుడి పెళ్ళిలో సాహిబ్‌జాన్ పగిలిన గాజు పెంకుల మీద నాట్యం చేస్తుంది. తెల్లటి గుడ్డ మీద నెత్తుటి అడుగులు పడతాయి. మీరు పొగిడిన వస్తువు ఇదేనా, చూడండి అన్నట్టు ఉంటుంది ఆ ఘట్టం. చూపుకి ఆమె ఇచ్చిన జవాబు అది. అంత జవాబు చెప్పే వీలు తెర మీద చాలామంది స్త్రీలకి దొరకలేదు.

1995లో మణిరత్నం 'బొంబాయి' వచ్చింది. తమిళంలో తీసి తెలుగులోకీ హిందీలోకీ డబ్బింగ్ చేశారు. తెలుగు పల్లెల్లో కూడా ఆడింది. ఊరికొచ్చిన హిందూ యువకుడి కంట బురఖాలో ఉన్న ముస్లిం అమ్మాయి పడుతుంది. గాలికి ముసుగు లేస్తుంది, ముఖం కనిపిస్తుంది, అతను ప్రేమలో పడతాడు. తరవాత ఒక పాటలో ఆమె అతని కోసం పరుగెత్తుకొస్తుంటే బురఖా ఒక లంగరుకి చిక్కుకుంటుంది. దాన్ని అక్కడే వదిలేసి ఆమె అతన్ని చేరుకుంటుంది. 1992 డిసెంబర్ 6 తరవాత, బొంబాయి అల్లర్ల తరవాత దేశం చూడాలనుకున్న బొమ్మ అది. మతాలు కలవాలి కదా అన్నారు. కలవాలి. మతం దాటిన ప్రేమని మేము కాదనటం లేదు. ఎవరి ముసుగు లేస్తే కలిసినట్టు అన్నదే మా ప్రశ్న. ముసుగు లేపింది గాలి. అంటే ఎవరూ కాదు. చేయి చాపిన వాడు లేడు కాబట్టి చూసిన కంటికి పాపం అంటదు. ఇదే కథని తిరగేసి, ముస్లిం కుర్రాడి చూపు ముందు హిందూ అమ్మాయి పైట గాలికి లేస్తే అప్పుడూ ఇంత ప్రశాంతంగా మతసామరస్యం అని చప్పట్లు కొట్టేవాళ్ళా? 2020 నుంచి లవ్ జిహాద్ పేరు చెప్పి రాష్ట్రానికో చట్టం వస్తున్న కాలంలో ఈ ప్రశ్నకి జవాబు మేము చెప్పనక్కర్లేదు.

ముసుగు లేపి చూడాలనే ఈ కోరిక మన దేశంలోనే పుట్టింది కాదు. అల్జీరియాని ఏలిన ఫ్రెంచివాళ్ళు అక్కడి స్త్రీలకి స్టూడియోల్లో వేషాలు కట్టి ఫోటోలు తీసి పోస్టుకార్డులుగా అమ్ముకున్నారు. 1958 మేలో అల్జీర్స్ నగరంలో నడివీధిలో స్త్రీల ముసుగులు తీయించి స్వేచ్ఛ ఇచ్చామని చాటుకున్నారు. ఆ మరుసటి ఏడు ఫ్రాంజ్ ఫానన్ దీని గురించే రాశాడు. ముసుగులోంచి తనని చూస్తూ, తనకి కనిపించని స్త్రీ అంటే దొరకి చిరాకన్నాడు. చూడటం తన హక్కనుకున్న వాడికి కనిపించకపోవడం ధిక్కారంగానే తోస్తుంది.

1975లో లారా మల్వీ అనే బ్రిటిష్ స్త్రీవాది హాలీవుడ్ సినిమాల గురించి రాస్తూ మూడు చూపులు లెక్కపెట్టింది. కెమెరా చూపు, హాల్లో కూచున్న ప్రేక్షకుడి చూపు, కథలో మగపాత్ర చూపు. మొదటి రెండూ మూడోదాని వెనక దాక్కుంటాయంది. మనం కెమెరా కంటితో కాదు, హీరో కంటితో చూస్తున్నాం అనుకుంటాం. హీరో ప్రేమిస్తున్నాడు కాబట్టి మన చూపు కూడా ప్రేమే అనుకుంటాం. మాకు ఇందులో నాలుగో చూపు ఒకటి కనిపిస్తోంది. అది మెజారిటీ చూపు. టోపీ పెట్టిన వాడు తెర మీదికొస్తే వాడు బాంబు పెడతాడా, వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్విస్తాడా, హీరోకి అడ్డుపడి ప్రాణమిచ్చే మంచి భాయా అని హాలు ముందే లెక్క కట్టుకుంటుంది. ముస్లిం మగవాణ్ణి చూసి భయపడటానికో నవ్వడానికో టికెట్టు. ముస్లిం స్త్రీని చూసి ముసుగు ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూడటానికి టికెట్టు. ఈ రెంటిలోనూ మేము తిరిగి చూడం. మమ్మల్ని చూస్తారు, అంతే.

తిరిగి చూడటం చిన్న విషయం కాదు. అమెరికాలో నల్ల బానిసలు తెల్లవాళ్ళ వైపు సూటిగా చూస్తే శిక్ష పడేదని, అందుకే తమవాళ్ళకి చూడటమే ఒక తిరుగుబాటు అయిందని బెల్ హుక్స్ 1992లో రాసింది. మన నేల మీద దీనికి ఉదాహరణ అంత దూరం వెళ్ళి వెతకనక్కర్లేదు. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులని నరికి చంపారు. ఆ పగ రాజుకున్నది సినిమా హాల్లో. ఒక దళిత యువకుడి కాలు పెత్తందారీ కులం వాడికి తగలడం దగ్గర. సినిమా హాల్లో దీపాలార్పితే అందరూ సమానమేనని అంటుంటారు. చీకట్లో కూడా ఎవరి కాలు ఎక్కడుండాలో, ఎవరి కన్ను ఎక్కడ ఆగాలో లెక్కలున్నాయి.

ఆ లెక్కలు సెన్సార్ ఆఫీసులో కూడా ఉన్నాయి. అలంకృతా శ్రీవాస్తవ తీసిన 'లిప్‌స్టిక్ అండర్ మై బురఖా' కి 2017 జనవరిలో సర్టిఫికెట్ ఇవ్వబోమన్నారు. చూపిన కారణాల్లో ఒకటి, అది స్త్రీల వైపు నుంచి నడిచే కథ కావడం. భోపాల్‌లో నలుగురు స్త్రీల కోరికల కథ అది. వాళ్ళలో ఇద్దరు ముస్లింలు. అప్పీలుకి వెళ్ళాక ట్రిబ్యునల్ దారి ఇచ్చింది, జులైలో విడుదలైంది. బురఖా బయటినుంచి లేస్తే కవిత్వం. బురఖా లోపలినుంచి ఒక స్త్రీ లోకాన్ని కోరికతో చూస్తే అశ్లీలం. ఒంటి మీద బట్ట ఎంత అన్నది కాదు, ఎవరి కన్ను అన్నదే అసలు తగాదా అని ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు ఒక మాట అంటారు. అది సినిమాయే కదా, నటి ఇష్టపడే నటిస్తోంది, డబ్బు తీసుకుంటోంది, మధ్యలో మీకేం బాధ అని. ఇష్టం అన్న మాట చిన్నది కాదు, దాన్ని కొట్టేయం. ఏలూరు ప్రాంతం నుంచి బీదరికంతో మద్రాసు వెళ్ళిన విజయలక్ష్మిని సిల్క్ స్మిత చేసిన పరిశ్రమ ఆమె ఇష్టాన్ని ఎన్నిసార్లు అడిగింది? వందల సినిమాల్లో ఆమెని వ్యాంపుగానే చూపించారు. 1996 సెప్టెంబర్ 23న ఆమె చెన్నైలో చనిపోయింది. 2011లో ఆమె జీవితం పేరు చెప్పుకుని హిందీలో ఒక సినిమా తీసి మళ్ళీ ఆమె ఒంటినే అమ్ముకున్నారు. మలయాళ సినిమా రంగంలో స్త్రీల స్థితి మీద జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక బయటికి రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. కాదంటే అవకాశం పోయే చోట ఔనన్న మాటకి ఇష్టమని పేరు పెట్టడం తొందరపాటు.

పాట మాటలు మార్చినా సరిపోదు. 2021లో 'పుష్ప' లోని ప్రత్యేక గీతం మాటలు మగవాడి చూపునే తప్పుపట్టాయి. ఏ బట్ట కట్టినా, ఏ రంగున్నా వంకర మీ కంటిదేనన్నాయి. మాట మంచిదే. కెమెరా మాత్రం ఆ మాట చెవిన పడనట్టు తన పాత పని తాను చేసుకుపోయింది. జనం మాటని పాడుకున్నారు, చూపుని ఇంటికి తీసుకుపోయారు.

ఇంటికి తీసుకుపోయిన చూపు ఏం చేస్తుంది? 2021 జులైలో ఎనభైమందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలని వాళ్ళకి తెలియకుండా ఒక యాప్‌లో పెట్టి వేలం ఆట ఆడారు. 2022 జనవరి 1న ఇంకో యాప్‌లో వందమందికి పైగా స్త్రీలని పెట్టారు. వాళ్ళలో జర్నలిస్టులున్నారు, ఉద్యమకారులున్నారు. అంటే తిరిగి చూసినవాళ్ళు, మాట్లాడినవాళ్ళు. పట్టుబడిన వాళ్ళు ఎక్కువమంది ఇరవై ఏళ్ళ చదువుకున్న పిల్లలు, వాళ్ళలో ఒక అమ్మాయి కూడా ఉంది. ఆ ఫోటోల్లో అశ్లీలం ఏమీ లేదు. మామూలు ముఖాలు. కొన్నిటికి తల మీద హిజాబ్ కూడా ఉంది. వేలం వేయడానికి ఒళ్ళు కనిపించనక్కర్లేదని ఆ పిల్లలకి ఎవరు నేర్పారు? సినిమా ఒక్కటే నేర్పిందని మేము అనం. ద్వేషం నేర్పిన వాళ్ళు వేరే ఉన్నారు. కానీ ద్వేషానికి సరదా అనే ముఖం తొడగడం, చీకట్లో కూచుని పేరు చెప్పకుండా చూడటంలో హాయి ఉందని అలవాటు చేయడం, ఇవి తెర మన పిల్లలకి రోజూ ఇస్తున్న చదువు.

ఆ తరవాతి నెలలో, 2022 ఫిబ్రవరిలో, కర్ణాటకలో కొన్ని స్కూళ్ళ గేట్ల దగ్గర విద్యార్థినులూ టీచర్లూ హిజాబ్, బురఖా తీసి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. గేటు పక్కనే టీవీ కెమెరాలు నిలబడ్డాయి. పిన్నులు తీసుకుంటున్న చేతులనీ వంచుకున్న తలలనీ దేశం మొత్తానికి మళ్ళీమళ్ళీ చూపించాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ చెరో తీర్పు ఇచ్చారు. యూనిఫాం ముఖ్యమా, మత స్వేచ్ఛ ముఖ్యమా అని వాదించుకున్న పెద్దలెవరూ ఆ కెమెరా అక్కడెందుకుందని అడగలేదు. బొంబాయి గాలి ఈసారి ప్రభుత్వ ఉత్తర్వు రూపంలో వీచింది. చూసిన కన్ను మాత్రం పాతదే.

ఇక మా ఇంట్లో సంగతి. 2023 నుంచి ఉత్తరాది నగరాల్లో మా కుర్రాళ్ళ గుంపులు బయల్దేరాయి. బురఖా వేసుకున్న అమ్మాయి హిందూ కుర్రాడితో కనిపిస్తే వెంటపడటం, ముఖం చూపించమని నిలదీయడం, సెల్‌ఫోన్‌లో తీసి లోకానికి పంచడం. కౌమ్ ఇజ్జత్ కాపాడుతున్నామంటారు. పోలీసు కేసులు కూడా అయ్యాయి. ముసుగు తీయమన్న గేటు దగ్గరి కెమెరాకీ, ముసుగు వేసుకున్నావు కాబట్టి నీ ముఖం మాది అన్న ఈ సెల్‌ఫోన్‌కీ తేడా చెప్పండి. ఒకరు బురఖా తీయిస్తే ఆమె బాగుపడుతుందంటారు. ఇంకొకరు బురఖాలో ఉంచితే ఆమె భద్రంగా ఉంటుందంటారు. ఆమెకేం కావాలని ఇద్దరూ అడగరు. ఇద్దరికీ ఆమె మనిషి కాదు, జెండా.

ఖురాన్‌లో సూరా నూర్ 30వ ఆయతు చూపు దించుకోమని ముందు మగవాళ్ళకి చెబుతుంది. స్త్రీలకి చెప్పడం ఆ తరవాతి ఆయతులో. మా ఉపన్యాసాల్లో ఈ వరస తల్లకిందులైంది. రెండోదాని మీద గంటలు గంటలు మాట్లాడతారు, గజాల లెక్కన గుడ్డ కొలుస్తారు. మొదటిదాన్ని ఒక్క వాక్యంలో దాటిపోతారు. మతం నమ్మేవాళ్ళకి ఇది ధర్మం. నమ్మని వాళ్ళు కూడా ఇందులో ఒక నీతి చూడొచ్చు. చూపు బాధ్యత చూసేవాడిది, చూడబడే వాళ్ళది కాదు. అంత పాత మాట చేతిలో పెట్టుకుని కూడా, తెర మీద ఎవరో ఆడకూతురి నడుము కనిపిస్తే ఈల వేసి, ఇంటికొచ్చి చెల్లెలి దుపట్టా సరిచేసే మగవాడు మా మహల్లాలో కరువు లేడు. తనని టెర్రరిస్టుగా చూపించే సినిమా మీద వాడికి కోపం వస్తుంది. రావాల్సిందే. మమ్మల్ని వస్తువులుగా చూడకండి అని అడిగే హక్కు నిలవాలంటే మాత్రం వాడి చూపు కూడా మారాలి.

అయితే కళ్ళు మూసుకోమంటారా, ప్రేమలన్నీ చూపులతోనే కదా మొదలయ్యేది అని అడగొచ్చు. కళ్ళు మూసుకోమనటం లేదు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకోవడం వేరు. ఒకరు చీకట్లో ఉండి ఇంకొకరిని వెలుగులో నిలబెట్టడం వేరు. తెరకి మొదటి రకం చూపు కూడా తెలుసు. 1973లో ఎం.ఎస్. సత్యు తీసిన 'గర్మ్ హవా' లో దేశ విభజన ఆమినా జీవితాన్ని ఎట్లా తినేసిందో చూస్తాం, ఆమె ఒంటిని కాదు. 1995లో, 'బొంబాయి' వచ్చిన ఏడే, సయీద్ మీర్జా 'నసీమ్' తీశాడు. బాబ్రీ మసీదు కూలే ముందు నెలల్లో ఒక స్కూలు పిల్ల, మంచాన ఉన్న తాత. కైఫీ అజ్మీ తాత వేషం వేశాడు. అందులో మనం నసీమ్‌ని చూస్తాం, నసీమ్ కళ్ళతో దేశాన్ని కూడా చూస్తాం. ఆ పిల్ల ముసుగు ఎవరూ లేపనక్కర్లేకపోయింది. మన ముసుగే ఆమె లేపింది. ఒకే ఏడు వచ్చిన ఆ రెండు సినిమాల్లో ఏది ఊరూరా ఆడిందో, ఏది పేరు కూడా తెలియకుండా పోయిందో అందరికీ తెలుసు.

సెక్యులర్ మిత్రులని మేము అడిగేది ఒకటే. మా ఆడవాళ్ళ ముసుగు మీద మీకు అభిప్రాయం ఉండొచ్చు. ఆ అభిప్రాయం చెప్పే ముందు, వాళ్ళు మిమ్మల్ని ఎట్లా చూస్తున్నారో ఒకసారి అడగండి. మా మగవాళ్ళని అడిగేది ఇంకొంచెం కష్టమైనది. వాకిలికి కట్టిన పర్దాకి కాపలా కాయడం మానేసి, సినిమా పర్దా ముందు మన కన్ను ఏం చేస్తోందో చూసుకోవాలి. ముసుగు ఉంచుకోవడమా, తీసేయడమా అన్నది ఆమె పని. కెమెరా కూడా ఆమె చేతికొచ్చిన రోజున అక్కడి నుంచి మనమంతా ఎట్లా కనిపిస్తామో, అది చూసే ధైర్యం మనకి కావాలి.